ప్రియాన్‌ను వైరస్ అని రాయకండి

సంపాదకులకు,

ప్రియాన్ వ్యాధులంటే తప్పుగా మడతపడ్డ ఒక ప్రోటీను మెదడును పాడుచేసే జబ్బులు. వాటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలుగు వార్తల్లో రెండు మాటలు కనిపిస్తుంటాయి: ‘పిచ్చి ఆవు వ్యాధి’, ‘ప్రియాన్ వైరస్’. మొదటి మాట రైతును, రెండోది ఆసుపత్రి సిబ్బందిని తప్పుదోవ పట్టిస్తుంది. పేరు దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ జబ్బుల్లో పేరును బట్టే జాగ్రత్త మారిపోతుంది.

ముందు ఆవు సంగతి. మన ఊళ్లలో పిచ్చి అంటే కుక్క కాటు వల్ల వచ్చే పిచ్చే. చొంగ కారుస్తూ, మేత మింగలేక, గొంతు మారి అదేపనిగా అరుస్తూ, వెనక కాళ్లు పడిపోయి, వారం పది రోజుల్లో చనిపోయే గేదె కనిపిస్తే మొదట అనుమానించాల్సింది రేబిస్‌నే. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని దాని నోట్లో చెయ్యి పెట్టినవాళ్లు సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడుక్కుని అదే రోజు టీకాకు వెళ్లాలి. 1986లో ఇంగ్లండ్‌లో గుర్తించిన బీఎస్‌ఈ అనే ప్రియాన్ జబ్బు, అంటే పత్రికలు పిచ్చి ఆవు వ్యాధి అనేది, ఇలా ఉండదు. ఎక్కువగా నాలుగైదేళ్ల పాడి ఆవుకు వస్తుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది, పొదుగు ముట్టనివ్వదు, గుమ్మం దాటడానికి జంకుతుంది, నడక తడబడుతుంది, మేత తింటూనే ఒళ్లు తగ్గిపోతుంది. ఈ తంతు వారాలు, నెలలు సాగుతుంది. ఆ ఆవు తన్నినా, నాకినా మనిషికి జబ్బు అంటదు. దాని మెదడు, వెన్నుపాము తిండిలో కలిస్తేనే ప్రమాదం. మన దేశంలో బీఎస్‌ఈ ఇంతవరకు నమోదు కాలేదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ భారత్‌ను ప్రమాదం నామమాత్రంగా ఉన్న దేశాల జాబితాలో పెట్టింది. అందుకని ‘పిచ్చి ఆవు’ అన్న శీర్షిక చూసి, అది మన దగ్గర లేని జబ్బేలే అని రేబిస్ గేదెను ఒట్టి చేతులతో పట్టుకునే రైతు ఒక్కడున్నా ఆ శీర్షిక చేసిన చెరుపు తక్కువది కాదు.

రెండు జబ్బులకూ జవాబు చచ్చిన పశువు మెదడులోనే దొరుకుతుంది. పుర్రె వెనక వెన్నుపాము బయటికి వచ్చే రంధ్రంలోంచి పొడవాటి చెంచా లాంటి పరికరంతో మెదడు కాండాన్ని తీస్తారు. బీఎస్‌ఈకి కావలసింది అందులోని ఒబెక్స్ అనే చిన్న భాగం, అంటే మెదడు కాండం పైన ‘వి’ ఆకారంలో ముడుచుకునే చోటు. ఆ చోటు రాకుండా మెదడు కాండం వెనక కొస ముక్క ఒకటే వస్తే, పరీక్షలో ఏమీ లేదని తేలినా దానికి విలువ లేదు. రేబిస్‌కు మెదడు కాండంతో పాటు చిన్నమెదడు ముక్క కూడా ఉండాలి. సగం నమూనా పచ్చిగా మంచులో వెళ్లాలి, మిగతా సగం 10 శాతం ఫార్మలిన్‌లో. జరిగే పొరపాటు ఒకటే: మొత్తం మెదడును ఫార్మలిన్ డబ్బాలో ముంచి పంపేయడం. అలా పంపితే పచ్చి కణజాలం మీద చేసే వేగవంతమైన పరీక్షలు సాగవు, సూక్ష్మదర్శిని కింద చూడటం ఒక్కటే మిగులుతుంది.

ఇక ‘వైరస్’ మాట. ప్రియాన్‌లో డీఎన్‌ఏ లేదు, ఆర్‌ఎన్‌ఏ లేదు. మన మెదడు కణాల పైన సహజంగానే ఉండే పీఆర్‌పీ అనే ప్రోటీను అది. దాని జన్యువు మనుషుల్లో 20వ క్రోమోజోము మీద ఉంటుంది. ఆ జన్యువు తయారుచేసే గొలుసులో 253 అమైనో ఆమ్లాలుంటాయి. గొలుసు అదే, మడత మాత్రం మారుతుంది. తప్పుగా మడతపడ్డ ప్రోటీను పక్కనున్న మంచి ప్రోటీనును తన అచ్చులోకి లాగుతుంది, అది ఇంకోదాన్ని. దీన్ని పాలు తోడుకోవడంతో పోలుస్తుంటారు గానీ తోడులో బతికున్న బ్యాక్టీరియా ఉంది. పటికబెల్లం సరైన పోలిక. చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే దానికంటిన ఒక్క పలుకు చుట్టూ పాకమంతా అదే పలుకుల ఆకారంలో పేరుకుంటుంది. అక్కడ ప్రాణమున్నది ఏదీ లేదు, అచ్చు మాత్రమే ఉంది.

ఈ సంగతి ఒప్పుకోవడానికి శాస్త్రజ్ఞులకే చాలా ఏళ్లు పట్టింది. గొర్రెల్లో స్క్రేపీ జబ్బు 18వ శతాబ్దం నుంచే యూరప్ కాపరులకు తెలుసు. అది గొర్రె నుంచి గొర్రెకు అంటుతుందని 1936లో ఫ్రాన్స్‌లో క్విలే, షెల్ అనే ఇద్దరు పశువైద్యులు నిరూపించారు. పాపువా న్యూగినీలోని ఫోరే తెగలో చనిపోయిన బంధువుల దేహాలను తినే ఆచారం వల్ల వ్యాపించిన కురు వ్యాధికీ, ఈ గొర్రెల జబ్బుకూ పోలిక ఉందని 1959లో లాన్సెట్ పత్రికకు రాసినది విలియం హ్యాడ్లో అనే పశువైద్యుడు. అదీ సంపాదకుడికి రాసిన ఉత్తరమే. ఆ మాట పట్టుకునే గైడుసెక్ అనే అమెరికా వైద్యుడి బృందం కురును చింపాంజీలకు ఎక్కించి, 1966లో ఫలితం ప్రకటించింది. మరుసటి ఏడాది లండన్‌లో టిక్వా ఆల్పర్ స్క్రేపీ కారకం మీద అతినీలలోహిత కిరణాలు పోశారు. ఏ వైరస్‌నైనా ముక్కలు చేసే మోతాదుకు అది చెక్కుచెదరలేదు. 1982లో స్టాన్లీ ప్రూసినర్ ప్రియాన్ అని పేరు పెట్టారు. 1993లో పీఆర్‌పీ జన్యువే లేని ఎలుకల మెదడులోకి స్క్రేపీ ఎక్కిస్తే వాటికి జబ్బు రాలేదు. పాకమే లేని చోట పలుకు ఏం పేరుకుంటుంది?

ప్రాణం లేనిదాన్ని చంపడం కుదరదు. ఆసుపత్రి వాళ్లు పట్టించుకోవలసిన మాట ఇదే. నీళ్లలో మరగబెట్టడం, స్పిరిట్, ఫార్మలిన్, గ్లూటరాల్డిహైడ్, ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, అతినీలలోహిత దీపం, ఇవన్నీ సూక్ష్మజీవి మీద పనిచేసేవి. వీటిలో ఏదీ ప్రియాన్‌ను నమ్మకంగా తీసెయ్యదు. పైగా ఫార్మలిన్, స్పిరిట్ ప్రోటీనును గట్టిపరుస్తాయి. అంటే మనం శుద్ధి అనుకుని చేసేది దాన్ని భద్రపరచడం.

ఇది పుస్తకాల్లో మాట కాదు, జరిగిన సంగతి. 1930లలో బ్రిటన్‌లో గొర్రెల మెదడుతో తయారుచేసి, ఫార్మలిన్‌తో శుద్ధిచేసిన ఒక టీకాను గొర్రెలకు వేశారు. అందులో ఒక బ్యాచ్, దాదాపు 18,000 మోతాదులు, స్క్రేపీ ఉన్న గొర్రెల నుంచి వచ్చింది. రెండేళ్ల తర్వాత ఆ మందల్లో జబ్బు బయటపడింది. 1970లలో జ్యూరిక్‌లో సీజేడీ, అంటే మనుషులకు వచ్చే ప్రియాన్ జబ్బైన క్రూట్జ్‌ఫెల్ట్–యాకోబ్ వ్యాధి ఉన్న రోగి మెదడులో వాడిన వెండి ఎలక్ట్రోడ్లను స్పిరిట్‌తో, ఫార్మాల్డిహైడ్ ఆవిరితో శుభ్రంచేసి మరో ఇద్దరు యువ మూర్ఛ రోగులకు వాడారు. ఇద్దరికీ జబ్బు వచ్చింది. రెండేళ్లు దాటాక అవే ఎలక్ట్రోడ్లను ఒక చింపాంజీ మెదడులో పెడితే దానికీ వచ్చింది. 2010లో ఫ్రాన్స్ ప్రయోగశాలలో 24 ఏళ్ల ఉద్యోగిని బొటనవేలికి కొక్కెం మొన ఉన్న ఫోర్సెప్స్ గుచ్చుకుంది. రెండు జతల లేటెక్స్ తొడుగులు వేసుకునే ఉంది. అప్పుడామె శుభ్రం చేస్తున్నది ప్రియాన్ ఉన్న ఎలుక మెదడు ముక్కలు కోసిన యంత్రాన్ని. ఏడున్నరేళ్లకు లక్షణాలు మొదలై 2019లో చనిపోయింది. తొడుగు సంఖ్య పెంచితే మొన ఆగదు. ఆ పనికి మొన ఉన్న పరికరం లేకుండా చూడాలి, కోత తట్టుకునే తొడుగు లోపల వేసుకోవాలి. గుచ్చుకుంటే మెల్లిగా రక్తం కారనిచ్చి, రుద్దకుండా గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, నీరు చొరని కట్టు కట్టి, అదే రోజు రాతపూర్వకంగా నమోదు చేయించాలి.

మరి శస్త్రచికిత్స పరికరాలను ఏం చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ ఆధారం. అందులో ఖరీదైనది ఏమీ లేదు. కావలసింది కాస్టిక్ సోడా, హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ ద్రావణం, ఒత్తిడి ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్, వీటన్నిటికంటే ముందు తడి. మెదడు, వెన్నుపాము, కంటి లోపలి భాగం తగిలిన పరికరాన్ని శస్త్రచికిత్స అయిన క్షణం నుంచి ఆరనివ్వకూడదు. ఆరిన ప్రోటీను ఉక్కుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత ఆటోక్లేవ్ వేడి దాన్ని కాల్చి ఇంకా బిగిస్తుంది. నీళ్లలోనో తడిగుడ్డలోనో ఉంచి తీసుకెళ్లాలి. తర్వాత 1 నార్మల్ కాస్టిక్ సోడా ద్రావణంలో, అంటే లీటరుకు 40 గ్రాములు, గంటసేపు పూర్తిగా మునిగి ఉండాలి. బయటికి తీసి నీళ్లలో ముంచి, తెరిచిన పళ్లెంలో పెట్టి 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో గంట ఉంచాలి. ఆ తర్వాతే మామూలు కడుగుడు, మామూలు స్టెరిలైజేషన్. నేల, బల్ల లాంటి వాటికి 20,000 పీపీఎం క్లోరిన్ ఉన్న హైపోక్లోరైట్ గంటసేపు తడిగా నిలవాలి. కొత్త 5 శాతం ద్రావణమైతే రెండు పాళ్లకు మూడు పాళ్ల నీళ్లు కలిపితే ఆ గాఢత వస్తుంది. తుడిచి పది నిమిషాల్లో ఆరిపోతే లాభం లేదు. మళ్లీ మళ్లీ తడపాలి.

పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఎండ తగిలే కిటికీ దగ్గర నెలల తరబడి పెట్టిన హైపోక్లోరైట్ డబ్బా మీద 5 శాతం అనే ఉంటుంది, లోపల ఉండదు. మూత తీసి ఉంచిన సోడా ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి బలం కోల్పోతుంది, అందుకని ఏ రోజుది ఆ రోజు కలుపుకోవాలి. సోడాను కొద్దికొద్దిగా చల్లటి నీళ్లలో వెయ్యాలి. సోడా మీద నీళ్లు పోస్తే కుతకుతమని మొహం మీదికి చిమ్ముతుంది. సోడా అల్యూమినియం పళ్లేన్ని తినేస్తుంది. హైపోక్లోరైట్ మంచి ఉక్కునూ గుంటలు పొడుస్తుంది. హైపోక్లోరైట్‌ను ఏ ఆమ్లంతోనూ కలపరాదు, క్లోరిన్ వాయువు లేస్తుంది. ఈ చివరి మాట పాథాలజీ గదిలో మరీ ముఖ్యం. ఎందుకంటే అక్కడ ఫార్మలిన్‌లో గట్టిపడిన మెదడు ముక్కలను, 5 మిల్లీమీటర్లకు మించని మందంలో కోసి, గాఢ ఫార్మిక్ ఆమ్లంలో గంటసేపు ఉంచాలి. ప్రియాన్ బలాన్ని బాగా దించేది ఆ ఒక్క గంటే. తర్వాత మళ్లీ కొత్త ఫార్మలిన్‌లోకి మార్చి మైనపు దిమ్మలు చేసుకోవచ్చు. ఈ మెట్టు దాటేసి కోసిన దిమ్మ ఎన్నేళ్లు అల్మరాలో ఉన్నా ప్రమాదమే.

ఇంత అరుదైన జబ్బుకు ఇంత హడావిడి దేనికని అడగవచ్చు. లెక్క చూద్దాం. ఏ కారణమూ లేకుండా తనంత తాను పుట్టే సీజేడీ ప్రపంచమంతటా దాదాపు ఒకే రేటుతో ఉంటుంది, ఏడాదికి పది లక్షల మందిలో ఒకరు లేదా ఇద్దరు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు ఎనిమిదిన్నర కోట్లు. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏడాదికి 85 నుంచి 170 మందికి రావాలి. అంతమంది గుర్తింపులోకి వస్తున్నారనుకోవడం కష్టం. 60 ఏళ్ల పెద్దాయన నెలల్లోనే మతి తప్పి, నడక తూలి, చప్పుడుకు ఉలిక్కిపడుతుంటే పక్షవాతమనో, ముసలితనమనో, గాలి సోకిందనో అనుకుంటారు. లక్షణాలు మొదలైన ఐదారు నెలల్లో మనిషి పోతాడు. మధ్యలో కంటి శుక్లాల ఆపరేషన్ అయి ఉండొచ్చు, మెదడు బయాప్సీ అయి ఉండొచ్చు. ఆ పరికరాలు ఎటు పోయాయో ఎవరికీ గుర్తుండదు. అందుకే వేగంగా మతి తప్పుతున్న రోగికి బయాప్సీ చేసినప్పుడు కారణం తేలేదాకా ఆ పరికరాల పెట్టెకు చీటీ అంటించి పక్కన పెట్టడం అలవాటు కావాలి. జబ్బు సీజేడీ కాదని తేలితే తిరిగి వాడుకోవచ్చు, పోయేదేమీ లేదు.

పరీక్షలు ఇప్పుడు చాలా మెరుగుపడ్డాయి. ఎంఆర్‌ఐలో డిఫ్యూజన్ చిత్రం తియ్యాలి. సీజేడీ ఉంటే మెదడు లోపలి కాడేట్, పుటామెన్ అనే భాగాలు, మెదడు పై పొర అంచు తెల్లగా మెరుస్తాయి. మామూలు సీక్వెన్సులు మాత్రమే చూసి ‘వయసు వల్ల కుంచించుకుంది’ అని రాసేస్తే కేసు చేజారుతుంది. మెదడు విద్యుత్ అలలను రాసే ఈఈజీలో సెకనుకొకటి చొప్పున వాడి అలలు కొందరిలోనే, అదీ కొన్ని వారాల్లోనే కనిపిస్తాయి. వెన్నునీటిలో చూసే 14-3-3 ప్రోటీను మెదడుకు ఏ దెబ్బ తగిలినా పెరుగుతుంది. నికరమైనది ఆర్‌టీ-క్విక్ అనే పరీక్ష. పటికబెల్లం పోలిక అక్షరాలా ఇక్కడ పనిచేస్తుంది: ప్రయోగశాలలో తయారుచేసిన శుద్ధ పీఆర్‌పీ పాకమైతే, రోగి వెన్నునీటి 15–20 మైక్రోలీటర్లు పలుకు. 96 గుంటల పళ్లెంలో నిమిషం కుదిపి, నిమిషం ఆపి, 55 డిగ్రీల దగ్గర గంటల తరబడి నడిపిస్తారు. తప్పు మడత పేరుకుంటే థయోఫ్లావిన్ అనే రంగు వెలుగుతుంది. ఈ పరీక్ష జబ్బు లేనివాళ్లలో ఉందని చూపడం చాలా అరుదు. నమూనాలో రక్తం కలిస్తే మాత్రం ఉన్న జబ్బు కూడా కనపడకపోవచ్చు. సూది గుచ్చేటప్పుడు మొదటి ఎర్రటి చుక్కలు వదిలేసి, తేట నీటిని ప్లాస్టిక్ గొట్టంలో పట్టి వెంటనే మంచులో పెట్టాలి. ఇక్కడ ఇంకో జాగ్రత్త: ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేయడం వల్ల వచ్చే, నయం చేయగలిగిన ఆటోఇమ్యూన్ మెదడువాపు అచ్చం సీజేడీలాగే మొదలవుతుంది. దాని యాంటీబాడీ పరీక్షలు చేయకుండా ‘సీజేడీ, ఇక చేసేదేమీ లేదు’ అని ఇంటికి పంపేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

మళ్లీ పశువుల దగ్గరికి వద్దాం. బీఎస్‌ఈని బ్రిటన్ ఎలా పెంచుకుందో మన దాణా మిల్లులు తెలుసుకోవాలి. చచ్చిన పశువుల మాంసం, ఎముకలు ఉడికించి పొడిచేసి ఆవులకే మేపారు. తప్పు తెలిసి 1988 జూలైలో నెమరువేసే పశువుల దాణాలో నిషేధించారు. అయినా 1992 ఒక్క ఏడాదిలోనే 36 వేలకు పైగా ఆవులకు జబ్బు తేలింది. అందులో ఎక్కువ భాగం నిషేధానికి ముందు తిన్న మేత ఫలితం, ఎందుకంటే జబ్బు బయటపడటానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఆశ్చర్యపరిచింది ఇంకొకటి: నిషేధం తర్వాత పుట్టిన ఆవుల్లోనూ 40 వేలకు పైగా కేసులు తేలాయి. కోళ్లకు, పందులకు ఆ పొడి వాడకం కొనసాగింది, అదే మిల్లులో, అదే మిక్సర్‌లో, అదే లారీలో. గిన్నె అడుగున మిగిలినదే సరిపోయింది. ప్రయోగాల్లో ఒక గ్రాము జబ్బు మెదడు తినిపిస్తే దూడలకు జబ్బు వచ్చింది, మిల్లీగ్రాము తిన్న దూడల్లోనూ ఒకదానికి వచ్చింది. 1996 మార్చి 20న మనుషులకూ సోకి ఉండవచ్చని బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులో ఒప్పుకున్నాకే అన్ని పెంపుడు జంతువుల దాణాలోనూ నిషేధం వచ్చింది. ఆ మానవ రూపం బ్రిటన్‌లో 178 మందిని తీసుకుపోయింది, ఎక్కువమంది పడుచువాళ్లు. ముగ్గురికి దాతల రక్తం ద్వారా వచ్చింది.

పాలిచ్చే, మాంసానికి పెంచే పశువులకు మాంసం, ఎముకల పొడి, రక్తపు పొడి పెట్టరాదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది. కోళ్లు, పందులు, చేపలకు మినహాయింపు. సరిగ్గా బ్రిటన్‌లో చిల్లు పడింది ఇలాంటి మినహాయింపులోనే. కోళ్ల, చేపల మేత ఇంత పెద్ద ఎత్తున తయారయ్యే మన రాష్ట్రాల్లో పశువుల దాణాకు వేరే లైను ఉండాలి. లేకపోతే మాంసపు పొడి నడిచిన తర్వాత కొంత తవుడు నడిపి దాన్ని కోళ్ల మేతలోకే మళ్లించాలి, పశువుల దాణాలోకి కాదు. వాపసు వచ్చిన మేతను, పాత గోనెసంచులను కలగలపకూడదు. రైతులు మిగిలిన కోళ్ల మేతను గేదెల తొట్టిలో పోయకూడదు. దేశంలో బీఎస్‌ఈ లేనప్పుడు ఎందుకీ బాధ అనవద్దు. ముసలి ఆవుల్లో తనంత తాను పుట్టే అసాధారణ బీఎస్‌ఈ ఏ దేశంలోనైనా రావచ్చు. మేత గొలుసు తెగి ఉంటే అది ఒక్క ఆవుతో ఆగిపోతుంది.

పాఠకులకు వచ్చే అసలు సందేహం మరొకటి: తలకాయ కూర, భేజా ఫ్రై తినొచ్చా? స్క్రేపీ మన దేశంలోనూ ఉండేది, 1961లో కుమావూన్ కొండల గొర్రెల్లో నమోదైంది. అయితే స్క్రేపీ మనిషికి సోకిందన్న ఆధారం ఇంతవరకు లేదు. గొర్రెలు విస్తారంగా ఉండి, స్క్రేపీ మాత్రం లేని ఆస్ట్రేలియాలోనూ సీజేడీ రేటు మిగతా ప్రపంచంతో సమానమే. అందుకని మేక తలకాయ మానెయ్యమని చెప్పడానికి మాకు కారణం కనపడలేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో జింకల వేటకు వెళ్లేవాళ్లకు మాత్రం ఒక మాట: 1967లో కొలరాడోలో మొదట కనిపించిన జింకల ప్రియాన్ జబ్బు ఇప్పుడు అనేక రాష్ట్రాల్లో ఉంది. చొంగ, మూత్రం, పేడ ద్వారా మట్టిలోకి చేరి ఏళ్ల తరబడి నిలుస్తుంది. మనిషికి సోకిన కేసు రుజువు కాలేదు, అయినా వేటాడిన జింకను పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే వండుకోవాలి. ఎంతసేపు ఉడికించినా పరీక్షకు బదులు కాదు.

ఆఖరిగా, మీ విలేకరులకు. ఎక్కడైనా సీజేడీ కేసు తేలితే ‘ప్రాణాంతక అంటువ్యాధి’ అని శీర్షిక పెట్టకండి. రోగికి అన్నం తినిపించినా, ఒళ్లు తుడిచినా, ఒకే మంచం మీద పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా జబ్బు రాదు. ఇంట్లో వాడే బట్టలు, గిన్నెలు మామూలుగా కడిగితే చాలు. చనిపోయాక పోస్ట్‌మార్టం జరగని దేహానికి ఇంటివాళ్లే స్నానం చేయించి, ఆచారం ప్రకారం దహనమో ఖననమో చేసుకోవచ్చు. పోస్ట్‌మార్టం జరిగి ఉంటే తల కుట్లను తాకకుండా ఉంటే సరిపోతుంది.

ఇట్లు,
పశురోగ నిర్ధారణ, నాడీరోగ నిర్ధారణ రంగాల్లో పనిచేస్తున్న ఇద్దరు,
హైదరాబాద్